నన్ను వద్దన్న పెద్దమనిషికి నేను చేసిన సన్మానం

మనల్ని ఎవరైనా వద్దంటే ఏం చేయాలి? తెలివైనవాళ్లు ఊరుకుంటారు. కోపిష్ఠివాళ్లు నాలుగు తిట్టి ఊరుకుంటారు. నేను సన్మానం చేశాను. శాలువా కప్పి, దండ వేసి, ఫ్రేము కట్టించిన సన్మానపత్రాన్ని పదిమందిలో గొంతెత్తి చదివి మరీ చేశాను. చేసి, ఏ పాపం తెలియని ఒక మర్యాదస్తుడి కుర్చీకి ఎసరు పెట్టాను. ఎలా పెట్టానో చెబుతాను వినండి. నవ్వుకుంటే నవ్వుకోండి గానీ మధ్యలో లేచి వెళ్లకండి, అసలు దెబ్బ చివర్లో ఉంది.

2012 ప్రాంతం, హైదరాబాదు. అశోక్ నగర్‌లో ఒక హాస్టల్లో ఉండి సర్కారు ఉద్యోగాల గ్రూప్ పరీక్షలకు చదువుతున్నాను. అశోక్ నగర్ తెలియనివాళ్లకు ఒక్క మాట. అక్కడ ఉండేదంతా పరీక్షలకు చదివేవాళ్లే, టీ కొట్టు దగ్గర పక్కనున్నవాణ్ని "ఏం సంగతన్నా?" అని పలకరిస్తే, వాడు రాజ్యాంగంలో ఏదో ఒక అధికరణం అప్పజెబుతాడు. మా గదిలో సాయిలు అని ఒకడుండేవాడు. మెదక్ వైపు మనిషి, ప్రాణమిచ్చే స్నేహితుడు. కానీ అన్నం దగ్గర "జర ఉప్పందియ్యరా" అంటే, "ఉప్పు సత్యాగ్రహం ఏ సంవత్సరం? నాలుగు ఆప్షన్లు ఇస్త" అనేవాడు. జవాబు చెప్పేదాకా ఉప్పు వచ్చేది కాదు.

ఇది నవ్వొచ్చే సంగతే. నాకు మాత్రం అప్పుడు నిజంగా దిగులుగా ఉండేది. పాలమూరు పక్కన మా ఊళ్లో పొద్దు గూకితే చాలు, నలుగురు చేరి ఊరికే మాట్లాడుకునేవాళ్లు. అందులో పనికొచ్చే మాట ఒక్కటీ ఉండేది కాదు, అదే దాని అందం. ఇక్కడ పొద్దున్నుంచి రాత్రిదాకా నోరు ఆడుతూనే ఉన్నా, ఒక మనిషితో మాట్లాడినట్టే ఉండేది కాదు. నాకు మాట్లాడడానికి మనుషులు కావాలి. అంతకంటే పెద్ద కోరికేమీ లేదు.

అలాంటి రోజుల్లో నెట్ సెంటర్‌లో ఏదో వెతుకుతుంటే 'నిదానం' అనే చర్చావేదిక కంటబడింది. మెయిళ్ల మీద నడిచే గ్రూపు. అందులో మనుషులు వానల గురించి, పాత సినిమా టాకీసుల గురించి, అబద్ధం చెప్పడం ఎప్పుడు తప్పు కాదు అన్నదాని గురించి తీరిగ్గా రాసుకునేవారు. ఒకాయన ఏదో అంటే, ఇంకొకాయన "మీతో ఏకీభవించలేను గానీ మీరు చెప్పిన తీరు ముచ్చటగా ఉంది" అనేవాడు. నాకు నోరూరిపోయింది. చేరాలంటే మన గురించి నాలుగు మాటలు రాసి పంపాలట. ముగ్గురు నిర్వాహకులు చూసి నిర్ణయిస్తారట.

నాలుగు మాటలన్నారు పాపం. వాళ్లకేం తెలుసు, అడిగింది అశోక్ నగర్ మనిషినని? మాకు ఏది రాయమన్నా ఒకటే పద్ధతి. ఉపోద్ఘాతం, విశ్లేషణ, ప్రయోజనాలు, సవాళ్లు, ముగింపు. నేను కూడా 'నన్ను చేర్చుకోవడం వల్ల కలిగే ప్రయోజనాలు' అని ఒక శీర్షిక పెట్టి కింద గీత గీశాను. ఆ తర్వాత 'నన్ను చేర్చుకోవడంలో ఎదురయ్యే సవాళ్లు' అని ఇంకో శీర్షిక పెట్టాను. సమతూకం ఉంటే మార్కులు ఎక్కువ పడతాయని మా సార్లు చెప్పేవారు మరి. ఆ సవాళ్ల కింద ఏం రాశానో కాసేపు అడగకండి.

కొన్నాళ్లకు జవాబొచ్చింది. "మీ ఆసక్తికి ధన్యవాదాలు. ప్రస్తుతానికి మిమ్మల్ని చేర్చుకోలేకపోతున్నాం. మన్నించగలరు. నిదానం తరఫున, పాండురంగం."

గదికి వచ్చి మంచం మీద కూలబడ్డాను. సాయిలు పుస్తకంలోంచి తల ఎత్తాడు.

"ఏమైందిరా నర్సింహా, మొఖం గట్ల వెట్టినవ్?"

"వద్దన్నరు."

"ఎవలు? ఏదన్న సంబంధమా?"

"సంబంధం గాదు. ఒక గ్రూపు. ముచ్చట్లు వెట్టుకునే గ్రూపు."

"ముచ్చట్లు వెట్టుకోనీకి గూడ సెలక్షనా!" అని వాడు ఆశ్చర్యపోయాడు. "కటాఫ్ ఎంతనట?"

"నాకు నిజంగనే బాధైతుందిరా."

వాడు పుస్తకం మూశాడు. సాయిలు పుస్తకం మూశాడంటే మామూలు సంగతి కాదు. "గాయన పేరేంది? పాండురంగమా? నెంబరియ్యి. నేను మాట్లాడుత."

"వద్దు. గట్ల కొట్లాడితే మనకూ మామూలు మనుషులకూ తేడా ఏముంటది?" అన్నాను.

ఇక్కడే నా పతనం మొదలైంది. అంతకుముందు వారమే చిక్కడపల్లిలో వ్యక్తిత్వ వికాసం మీద ఒక ఉచిత క్లాసుకు వెళ్లొచ్చాను. వద్దన్నప్పుడే మనిషి సంస్కారం బయటపడుతుందని అక్కడి సారు బల్ల గుద్ది చెప్పాడు. నా సంస్కారం ఏమాత్రం లోపల మిగలకుండా మొత్తం బయటపెట్టాలని నిశ్చయించుకున్నాను.

వెంటనే పాండురంగం గారికి లేఖ రాశాను. "తమరి తిరస్కారం నా పాలిట ఆశీర్వచనం. తమరు నన్ను కాదన్న తీరులోని మృదుత్వం నా కళ్లు చెమర్చేలా చేసింది." ఇలా సాగింది. జవాబు రాలేదు. జవాబివ్వకుండా నాకు సహనం నేర్పుతున్నందుకు కృతజ్ఞతలు చెబుతూ ఇంకో లేఖ రాశాను. దానికీ జవాబు రాలేదు. ఈలోగా ఉగాది వచ్చింది గనుక శుభాకాంక్షలు చెబుతూ, పనిలో పనిగా ఆ తిరస్కారాన్ని మళ్లీ ఒకసారి మెచ్చుకున్నాను.

"నువ్వు గాయన్ను బతకనియ్యవురా" అన్నాడు సాయిలు.

చివరికి ఆయన రాశాడు. "బాబూ నర్సింహా, నీ సంస్కారానికి సంతోషం. మేం సభ్యులం నెలకోసారి, మొదటి ఆదివారం పొద్దున, నారాయణగూడలో మా ఇంట్లో కలుస్తుంటాం. నువ్వు ఎప్పుడైనా ఇటువైపు వస్తే కనిపించు." కింద చిరునామా ఉంది.

'ఎప్పుడైనా ఇటువైపు వస్తే కనిపించు' అంటే రావద్దని అర్థం. పట్నంలో పుట్టిన పసిపిల్లలకు కూడా ఆ సంగతి తెలుసు. నేను దాన్ని మా ఊరి లెక్కలో చదువుకున్నాను. పెద్దమనిషి పిలిచాడు, పోకపోతే బాగుండదు. పోతే ఉత్త చేతులతో పోకూడదు.

మరి ఏం పట్టుకుపోవాలి? ఇది మీరు చిక్కడపల్లిలో తిరిగిన మనిషిని అడగాల్సిన ప్రశ్న కాదు. నేను రోజూ అక్కడి లైబ్రరీకి వెళ్లి చదువుకునేవాణ్ని. సాయంత్రం బయటికొస్తే చుట్టుపక్కల ఏదో ఒక హాల్లో సన్మానం జరుగుతూనే ఉండేది. ఆ రోజుల్లో ఒంటి మీద శాలువా పడకుండా ఆ రోడ్డు దాటడం కష్టంగా ఉండేది. నేనూ సాయిలూ ఫ్యాను గాలికని వెనక వరసలో కూర్చుని, ఎవరో తెలియని మహానుభావులకు ఎన్నిసార్లు చప్పట్లు కొట్టామో! మనిషిని గౌరవించడమంటే శాలువా కప్పడమేనని నా బుర్రలో గట్టిగా నాటుకుపోయింది. అందుకని శనివారం పొద్దున్నే సన్మానం సామాన్లమ్మే దుకాణానికి వెళ్లాను.

"ఎవలకు సన్మానం?" అని అడిగాడు దుకాణం యజమాని.

"ఒక పెద్దసారుకు. నిదానం అని ఒక వేదిక నడిపిస్తడు."

"ఏం సందర్భం?"

"నన్ను అండ్ల చేర్చుకోనన్నడు."

ఆయన కళ్లద్దాలు తీసి, తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని నన్ను చూశాడు. "వద్దన్నందుకా సన్మానం?"

"అవునన్న. జర మర్యాదగ వద్దన్నడు."

"ఇన్నేండ్ల సంది దుకాణం నడుపుతున్న, గిసొంటి బేరం గిదే మొదలు" అని శాలువాలు పరిచాడు. ముదురాకుపచ్చది ఎంచుకున్నాను. "సన్మానపత్రం గిట్ల కావాల్నా?"

"కావాలె. మంచిగ పొగడాలె."

"మా కంప్యూటర్ల రెడీగ ఉన్నయి. పేరు మార్చుడే. పెండ్లిరోజుది ఉంది, అవార్డుది ఉంది, ఎలక్షన్ల గెల్సినోళ్లది ఉంది, రిటైర్మెంటుది ఉంది. తిరస్కారానిదైతే లేదు తమ్మీ."

"ఏ దాంట్ల పొగుడుడు ఎక్కువుంటది?"

"రిటైర్మెంటు దాంట్ల" అన్నాడాయన ఏమాత్రం తడుముకోకుండా. "పొయ్యేటోణ్ని పొగడనీకి ఎవలకన్న నొప్పా?"

"గదే కొట్టన్న. ఉద్యోగం ముచ్చట మాత్రం తీసెయ్. సారు ఉద్యోగం వేరే, గిది వేరే."

"తీసేస్త. నువ్వేం పరేషాన్ గాకు."

మాట తప్పలేదు మహానుభావుడు. ఉద్యోగం ముచ్చట తీసేశాడు. ఆఫీసు పేరున్న చోట 'నిదానం' పెట్టాడు. మిగతాదంతా ఎక్కడిదక్కడ ఉంచాడు. సాయంత్రం నేను వెళ్లేసరికి ఫ్రేము కట్టించి, మెరుపు కాగితం చుట్టి, పైన రిబ్బను ముడి కూడా వేశాడు. అంత ముద్దొచ్చేలా చుట్టినదాన్ని విప్పి చదవడానికి నాకు మనసు రాలేదు. చూశారా, రెండేళ్లుగా నేను ప్రపంచంలో ఉన్న అక్షరాలన్నీ చదువుతున్నాను. చదవాల్సిన ఒక్క కాగితం చదవలేదు.

ఆదివారం నేనూ సాయిలూ ఇస్త్రీ చొక్కాలు వేసుకుని నారాయణగూడ వెళ్లాం. దండ వాడి చేతిలో, ఫ్రేము నా చేతిలో. పాండురంగం గారి ఇంటి ముందు చెప్పులు చాలానే ఉన్నాయి. లోపల చాపల మీద, కుర్చీల్లో పదిమంది దాకా కూర్చుని ఉన్నారు. టీ కప్పులు తిరుగుతున్నాయి. మధ్యలో బక్కపలచటి పెద్దాయన, తెల్ల చొక్కా, మొహమంతా శాంతం. ఆయనే పాండురంగం గారు, రిటైరైన లెక్కల మాస్టారు. ఆయనకు ఒక పక్క జనార్దన్ గారు, బ్యాంకులో చేసినాయన. ఇంకో పక్క సుభద్ర మేడం, కాలేజీలో పాఠాలు చెబుతారు. ఈ ముగ్గురే నిర్వాహకులు.

"ఎవరు బాబూ?" అన్నాడు పాండురంగం గారు.

"నేను నర్సింహను సార్. మీరు వద్దన్న నర్సింహను."

సుభద్ర మేడం జనార్దన్ గారి వైపు చూసింది. ఆయన కప్పులోకి చూసుకున్నాడు.

"మీకు చిన్న సన్మానం చేసుకుందామని వచ్చిన సార్."

"నాకా? ఎందుకు బాబూ?"

"అంత పత్రంల ఉంది సార్" అన్నాను గర్వంగా. ఆయన వద్దు వద్దంటూనే ఉన్నాడు. శాలువా కప్పేశాను. సాయిలు దండ వేసి, ఎవరూ కొట్టకపోయినా చప్పట్లు కొట్టాడు. నేను రిబ్బను విప్పి, గొంతు సవరించుకుని మొదలుపెట్టాను.

"శ్రీయుత పాండురంగం గారికి సమర్పించు సన్మానపత్రం. మహోదయా! నిజాయితీయే ఊపిరిగా, సేవయే పరమావధిగా, ఇంతకాలం నిదానం సంస్థను కన్నబిడ్డలా సాకిన తమరు..."

ఇంతవరకూ బాగానే ఉంది. పెద్దాయన సిగ్గుపడుతున్నాడు. నాకు ఊపొచ్చింది.

"...నేటితో తమ బాధ్యతలన్నిటి నుండి స్వచ్ఛందంగా విరమించుకుని, యువతరానికి దారి విడిచి, శేషజీవితాన్ని కుటుంబసభ్యుల మధ్య ప్రశాంతంగా గడపబోవుచున్న ఈ శుభసందర్భమున..."

ఏదో తేడాగా ఉందని నా చెవులకు తెలిసింది. కానీ నోరు చెవుల మాట వింటేనా? వాలులో బ్రేకుల్లేని సైకిలులాగా చివరిదాకా దూసుకుపోయింది. "తమ స్థానము ఖాళీ అగుచున్నందుకు మా హృదయములు బరువెక్కినను" అన్న దగ్గర నా గొంతు తనంతట తానే వణికింది. విన్నవాళ్లు అది భక్తి అనుకున్నారు.

చదవడం అయిపోయింది. ఉన్నట్టుండి జనార్దన్ గారు లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు.

"పాండురంగం గారూ! ఎంత పెద్ద మనసండి మీది. ముందే చెప్తే మేమే చేస్తుంటిమి గద సన్మానం!"

"మేమే ఎట్ల అడగాల్నో తెల్వక ఏడాది సంది పరేషాన్ అయితున్నం సార్" అంది సుభద్ర మేడం, కళ్లు తుడుచుకుంటూ. "మా మనసుల ఉన్నది మీరే అర్థం చేసుకున్నరు."

ఇక అందరూ లేచారు. ఇల్లు మోగిపోయేలా చప్పట్లు. సంగతేమిటంటే, గ్రూపులో ఎవరు ఏం రాసినా ముందు పాండురంగం గారి దగ్గరికి వెళ్లాలి. ఆయన ఒక్కో అక్షరం చదివి, కామాలు సరిచేసి, తీరిగ్గా పదిమందికీ పంపేవాడు. పేరుకు తగ్గట్టే నిదానంగా. ఎండలు మండుతున్నాయని ఒకరు మొదలుపెట్టిన చర్చ ముగిసేసరికి మిగతావాళ్లు స్వెట్టర్లు వేసుకునేవారట. తప్పుకోమని చెప్పడానికి మర్యాద అడ్డొచ్చి అందరూ నలిగిపోతున్నారు. నేను వెళ్లి చెప్పేశాను. దండతో సహా.

"సార్, గది కాదు సార్, దుకాణంల..." అని నేను నోరు తెరిచాను.

పాండురంగం గారు నా వైపు చూశాడు. తర్వాత చప్పట్లు కొడుతున్నవాళ్ల మొహాలు ఒక్కొక్కటే చూశాడు. జారుతున్న శాలువాను భుజం మీదికి లాక్కున్నాడు.

"సంతోషం" అన్నాడు. "అందరు టీ తాగుండ్రి, సల్లారిపోతది."

అంతే. టీ తాగడం అవగానే గ్రూపు పాస్‌వర్డు చిన్న కాగితం మీద రాసి సుభద్ర మేడం చేతికిచ్చాడు.

తిరిగొస్తుంటే ఫ్లైఓవరు కింద సాయిలు నా వీపు తట్టాడు. "మంచిగైంది పో. నిన్ను వద్దన్నోణ్ని సీటుకెల్లి లేపినవ్. కొట్లాడితే గూడ గింత గాకపోవు."

పెద్దాయనకు అన్యాయం చేశానని నాకు తెలుసు. కానీ నిజం చెబుతున్నాను, ఆ సాయంత్రం నెట్ సెంటర్‌కు వెళ్లి మెయిల్ తెరిస్తే, మిగిలిన ఇద్దరు నిర్వాహకుల దగ్గర్నుంచి ఉత్తరం వచ్చి ఉంది. "మా వేదికలోని క్లిష్ట సమస్యను మీరు ఎంతో సున్నితంగా పరిష్కరించారు. మిమ్మల్ని సభ్యుడిగా ఆహ్వానించడం మాకు గౌరవం." అది చదివి సంతోషించాను. సిగ్గు లేకుండా సంతోషించాను.

మర్నాడు మళ్లీ నారాయణగూడ వెళ్లాను, క్షమాపణ చెప్పడానికి. తలుపు తీసింది పాండురంగం గారి భార్య.

"మా ఆయన్ను రిటైర్ చేసిన పిలగానివి నువ్వేనా?"

"తప్పయిందమ్మా."

"తప్పేంది! నేను ఎన్నేండ్ల సంది మొత్తుకున్నా గా కంప్యూటరు ముంగటికెల్లి లేవలే. రా, కూసో, ఉప్మా తిందువు."

లోపల పాండురంగం గారు ఊరికే కూర్చుని ఉన్నాడు. నా సన్మానపత్రం అప్పుడే గోడకెక్కింది.

"భాష మంచిగుంది" అన్నాడు దాన్ని చూపించి. "రెండు కామాలు తప్పు వడ్డయి, అంతే."

నేను దుకాణం సంగతంతా చెప్పాను. ఆయన నవ్వాడు. "ఎవరిదో రిటైర్మెంటు కాగితమని నాకు మధ్యలనే తెలిసింది బాబూ."

"మరి కాదని చెప్పొచ్చు గద సార్?"

"చప్పట్లు ఇన్నవా లేదా? గంత సంతోషంగ కొట్టినంక, కాదని ఎట్ల జెప్తం?"

కాస్త ధైర్యం తెచ్చుకుని అన్నాను. "వాళ్లు నన్ను చేర్చుకున్నరు సార్. మీరు వద్దన్నరు గని, వాళ్లు రమ్మన్నరు."

"నేనెప్పుడు వద్దన్న?"

"ఉత్తరం మీదే గద సార్. కింద మీ పేరే ఉండె."

"ఉత్తరాలు రాసుడు నా పని. ఎవరు వద్దన్నా కింద నా పేరే ఉంటది" అన్నాడాయన. "జనార్దన్ వద్దన్నడు. సుభద్రమ్మ వద్దన్నది. సవాళ్లని పెట్టి, నాకు మొండితనం ఎక్కువ, రాత్రిపూట గురక గూడ పెడతనని రాసినవ్ గద! అది సూసి భయపడ్డరు. నేనొక్కణ్నే రానియ్యుండ్రి అన్న. పిలగాడు మాట్లాడనీకి మనిషి కోసం దేవులాడుతున్నడు, గంత రాసినా గదొక్కటే కనవడుతున్నది, రానియ్యుండ్రి అన్న. ఇద్దరు ఒక దిక్కు, నేనొక దిక్కు. ఏం జేస్త మరి?"

చేతిలో ఉప్మా చల్లారిపోయింది. ఇంత పెద్ద హైదరాబాదులో నేను కావాలన్న మనిషి ఒక్కడే ఒక్కడు. ఆయన్ను చిరునామా పట్టుకుని వెతుక్కుంటూ పోయి, ఆకుపచ్చ శాలువా కప్పి, కుర్చీలోంచి లేపి, నన్ను వద్దన్న ఇద్దరి చేతుల్లో తాళాలు పెట్టి వచ్చాను. నాకు ఏడుపొచ్చింది. ఉప్మా ప్లేటు పట్టుకుని ఏడవడం ఎంత కష్టమో మీకు తెలియదు.

"ఇప్పుడు నేను గా గ్రూపుల చేరాల్నా వద్దా సార్?" అని అడిగాను చివరికి.

"చేరు. ఎందుకు చేరవ్? చేరి, సాయంత్రం జర ఇటు రా. వాళ్లేం మాట్లాడుకుంటున్నరో నాకు జెప్పు. మనం గూడ ఏదన్న మాట్లాడుకుందం. నాకిప్పుడు ఏం పని లేదు గద."

చేరాను. ఆ గ్రూపులో నేను రాసింది తక్కువే. సాయంత్రాలు మాత్రం నారాయణగూడలో గడిచేవి. వానల గురించి మొదలుపెట్టి ఎక్కడెక్కడికో పోయేవాళ్లం. పరీక్షకు పనికొచ్చే మాట ఒక్కటీ ఉండేది కాదు. అశోక్ నగర్ వదిలి వెళ్లేదాకా నాకు మళ్లీ దిగులు లేదు.

ఆ తర్వాత జీవితం నన్ను వద్దనడంలో ఏ లోటూ చేయలేదు. పరీక్షలు వద్దన్నాయి, ఇంటర్వ్యూలు వద్దన్నాయి, ఇల్లు కిరాయికి అడిగితే యజమానులు వద్దన్నారు, రెండు పెళ్లి సంబంధాలవాళ్లు కూడా వద్దన్నారు. అందరికీ "సరే, సంతోషం" అని చెప్పి టీ తాగి వచ్చేశాను.

కాబట్టి సభాముఖంగా, సర్వజనుల సాక్షిగా ఇందుమూలంగా ప్రతిజ్ఞ చేయునదేమనగా: నన్ను వద్దన్నవారికి ఈ జన్మలో మళ్లీ శాలువా కప్పను. దండ వేయను. చుట్టి ఇచ్చిన ఏ కాగితాన్నీ విప్పిన చోటే గొంతెత్తి చదవను. ఇక నన్ను కావాలన్నవారంటారా, వాళ్ల దరిదాపులకు శాలువా అసలే రానివ్వను. ఉన్నదే ఒకరిద్దరు, వాళ్లను కూడా చప్పట్లతో ఇంటికి పంపించే ధైర్యం నాకు లేదు.